ఉక్కపోత ఊళ్ళో బొచ్చుకుక్క

విశాఖలో షిట్జునో, పామరేనియన్‌నో, పగ్‌నో పెంచుతున్న ఇంట్లో కుక్క గోక్కోవడం మొదలెట్టగానే వినబడే సలహా ఒక్కటే: "ఫుడ్డు పడట్లేదేమో, మార్చి చూడండి." కాళ్ళు నాకితే ఫుడ్డు. చెవి కంపు కొడితే ఫుడ్డు. తోక మొదట్లో బొచ్చు ఊడితే అదీ ఫుడ్డే. చికెన్ బస్తా పోయి లాంబ్ బస్తా వస్తుంది, అది సగం అవకుండానే సాల్మన్ బస్తా దిగుతుంది. గోకుడు మాత్రం ఎక్కడికీ పోదు.

తిండి వల్ల దురద రాదని కాదు. వరుసలో దాని చోటు వెనకెక్కడో ఉంది. ముందు చూడాల్సింది ఒంటిమీద పురుగు. తరవాత చర్మం మీద పెరిగిపోయిన ఈస్టు అనే ఫంగసూ బ్యాక్టీరియా. ఆ రెండూ తేలాకే తిండి. తిండీ కాదంటే అప్పుడు మిగిలేది అటోపీ, అంటే గాల్లో దుమ్ములో ఉండే మామూలు వాటికే ఒళ్ళు తిరగబడే జబ్బు. చర్మం సంగతి తెలిసిన డాక్టరు ఏ ఊళ్ళోనైనా ఈ వరుసలోనే వెళ్తారు. మన ఊరికి మాత్రం దీనికి ముందు ఇంకో మెట్టు కలపాలంటాను: కుక్కని ఆరబెట్టడం.

లాసా ఆప్సోది టిబెట్. అక్కడి చలి ఎండుచలి. పామరేనియన్‌కి పేరొచ్చింది బాల్టిక్ తీరం నుంచి. అదీ సముద్రం ఒడ్డే, మనదీ సముద్రం ఒడ్డే, కాకపోతే అక్కడ చెమట పట్టదు. మన దగ్గర మే నెల నుంచి ఈశాన్య రుతుపవనపు వానలు పడే నవంబరు దాకా గాలే తడిగా ఉంటుంది. పొద్దున్న ఆరేసిన తువ్వాలు సాయంత్రం ముట్టుకుంటే చెమ్మగానే ఉండే రోజులు మనకి కొత్త కాదు. తువ్వాలు తీగ మీద గాలికి ఊగుతూ కూడా ఆరని చోట, చర్మానికి అతుక్కుని ఉన్న లోపలి ఊలు ఫ్యాను కింద పడుకుంటే ఆరిపోతుందని ఎలా అనుకుంటాం? పై వెంట్రుక ఆరుతుంది. చెయ్యి వేస్తే పొడిగా తగులుతుంది. వేళ్ళు లోపలికి పెట్టి చర్మాన్ని తాకితే చల్లగా ఉంటుంది. ఆ చల్లదనమే తడి.

ఆ తడిలో కొత్తగా ఏదో వచ్చి చేరక్కర్లేదు. మలసీజియా అనే ఈస్టు, స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా కొద్దిగా ఉంటాయి. వేడి, తడి, జిడ్డు మూడూ దొరికిన చోట అవే విపరీతంగా పెరుగుతాయి. వేళ్ళ సందులు, చంకలు, గజ్జలు, చెవులు, పగ్ ముక్కు మీది మడత, తోక కింద మడత. పాచిపోయిన నూనెలాంటి వాసన, చేతికి అంటే జిడ్డు, నలుపు తిరిగి ఏనుగు తోలులా మందమైన చర్మం కనబడితే ఈస్టుని అనుమానించాలి. చిన్న చీముపొక్కులు, అవి పగిలాక గుండ్రంగా అంచు లేచిన పొట్టు మిగిలితే బ్యాక్టీరియా. ఈ గుండ్రటి మచ్చలు చూసి చాలామంది తామర అనుకుని మనుషుల తామర క్రీము రాసేస్తారు. నిజంగా తామర ఉన్న కుక్కలూ ఉంటాయి, అది ఇంట్లో పిల్లలకి అంటుకుంటుంది కూడా. కాబట్టి కంటిచూపుతో తేల్చే వ్యవహారం కాదిది.

ఇక స్నానం. "ఎక్కువ స్నానం చేయిస్తే చర్మం పాడవుతుంది" అన్న మాట సగమే నిజం. చర్మాన్ని పాడుచేసేది తప్పు షాంపూ, సరిగ్గా కడగకపోవడం, ఆరబెట్టకపోవడం. ఈస్టు, బ్యాక్టీరియా పట్టిన కుక్కకి క్లోర్‌హెక్సిడిన్ 2 నుంచి 4 శాతం, దాంతోపాటు మైకోనజోల్ గానీ కీటోకోనజోల్ గానీ ఉన్న కుక్కల షాంపూతో వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు చేయించడమే అసలు వైద్యం. తగ్గాక వారానికి ఒకసారి చాలు.

పద్ధతి మాత్రం కచ్చితంగా ఉండాలి. ముందు పొడిగా ఉన్నప్పుడే దువ్వాలి. చిక్కు ఉండగా నీళ్ళు పోస్తే ఆ చిక్కు బిగిసి ఉండ కడుతుంది, ఆ ఉండ కింద చర్మానికి ఇక గాలి అందదు. గోరువెచ్చని నీళ్ళు వాడాలి, వేడి నీళ్ళు దురద పెంచుతాయి. చేత్తో బొచ్చు విడదీస్తూ చర్మం దాకా తడపాలి. షిట్జు బొచ్చు పైన తడిసిపోయినట్టు కనిపిస్తూనే లోపల పొడిగా ఉంటుంది. షాంపూని ఒక మగ్గు నీళ్ళలో కలిపి పోస్తే సమానంగా పాకుతుంది. దెబ్బతిన్న చోటు నుంచి మొదలుపెట్టి ఒళ్ళంతా పట్టించాక ఫోనులో 10 నిమిషాలు అలారం పెట్టండి. ఇదే అందరూ తప్పేది. రెండు నిమిషాలకి కడిగేస్తే ఖరీదైన మందు డ్రైనేజీలోకి పోయినట్టే. ఆ పది నిమిషాలూ కుక్కని నాకనివ్వకుండా చేత్తో మర్దనా చేస్తూ ఉండాలి. బోరు నీళ్ళున్న అపార్టుమెంట్లలో నురగ సరిగా రాదని ఇంకొంచెం షాంపూ పోస్తుంటారు, అది కడిగినా వదలదు. నురగ రాకపోయినా మందు పని చేస్తుంది. అవే నీళ్ళతో కడగడం మాత్రం రెండింతలు చెయ్యాలి, వేళ్ళ మధ్య బొచ్చు కిరకిరలాడేదాకా.

తరవాత తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే పొడవాటి బొచ్చు అక్కడికక్కడే చిక్కుపడుతుంది. ఆపైన డ్రయ్యర్. మనుషుల హెయిర్ డ్రయ్యరైనా సరే, తక్కువ వేడిలో, జానెడు దూరంలో, ఒకే చోట నిలపకుండా కదుపుతూ, బొచ్చు మొలిచిన దిశకి ఎదురుగా గాలి కొడుతూ, ఇంకో చేత్తో దువ్వుతూ. 5 కిలోల షిట్జుకి 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. అంతసేపా అనిపిస్తే బొచ్చు పొట్టిగా ఉంచుకోవడం మేలు. అయిపోయిందని అనుకున్నాక చంకలో, చెవి వెనక, తోక కింద వేలు పెట్టి చూడాలి. ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ ఇంకో ఐదు నిమిషాలు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చదును మూతి కుక్కలకి వేడిగాలి ప్రమాదం. వాటికి చల్లగాలే పెట్టాలి, రొప్పుతుంటే ఆపేయాలి.

తడి స్నానంతోనే రాదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద తిప్పి, ఆర్.కె. బీచ్ ఇసుకలో పరిగెత్తించి తీసుకొస్తే ఉప్పునీరూ ఇసుకా వేళ్ళ సందుల్లో ఉండిపోతాయి. ఇసుక ఒరుసుకుంటుంది, ఆ పగుళ్ళ మీద ఉప్పు మండుతుంది, కుక్క నాకుతుంది, నాకిన తడి ఆరదు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో నాలుగు కాళ్ళూ కడిగి, పాత నూలుగుడ్డ వేళ్ళ మధ్యకి దూర్చి ఆరబెట్టడానికి మూడు నిమిషాలు చాలు. వానాకాలంలో ఆ మూడు నిమిషాలు ఏ మందుకన్నా ఎక్కువ పని చేస్తాయి.

పురుగు లేదని ఎవరు చెప్పారు?

"మాది ఐదో అంతస్తు, కుక్క కిందికి దిగదు, ఫ్లీస్ ఎక్కడివి?" అని అడిగేవాళ్ళు తమ సెల్లార్ని ఒకసారి చూసి రావాలి. మధురవాడ అయినా ఎం.వి.పి. కాలనీ అయినా, మధ్యాహ్నం ఎండకి వీధి కుక్కలు పడుకునేది పార్కింగులో కార్ల కిందే. ఫ్లీ అంటే బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగు. దాని గుడ్లు ఆ కుక్కల ఒంటి మీంచి రాలి దుమ్ములో పొదుగుతాయి. మన కుక్క లిఫ్టు దాకా నడిచే ఆ ఇరవై అడుగులు చాలు. పిడుదులు మరీ మొండివి, గోడ పగుళ్ళలో, తలుపు చట్రం సందుల్లో దాక్కుని మెట్ల వెంబడి పైకి కూడా పాకుతాయి. మన దగ్గర కనిపించే గోధుమరంగు పిడుదు ఎర్లికియా, బబీసియా జ్వరాలు కూడా మోస్తుంది, కాబట్టి అది చర్మంతో ఆగే సమస్య కాదు.

ఫ్లీ ఎలర్జీ ఉన్న కుక్కకి పదుల కొద్దీ పురుగులు అక్కర్లేదు. పురుగు కుట్టేటప్పుడు వదిలే ఉమ్మికే ఎలర్జీ. ఒకటి రెండు కాట్లకే రోజుల తరబడి గోక్కుంటుంది, పైగా ఆ కొరుకుడులో పురుగునే మింగేస్తుంది, వెతికితే ఏమీ కనబడదు. చోటే ఆనవాలు. నడుం వెనక భాగం, తోక మొదలు, తొడల వెనక బొచ్చు పలచబడితే మొదట ఫ్లీనే అనుమానించాలి. సన్నపళ్ళ దువ్వెనతో ఆ చోట దువ్వి, రాలిన నల్ల రవ్వని తడిపిన తెల్ల టిష్యూ మీద రుద్దండి. చుట్టూ తుప్పురంగు పాకితే అది మట్టి కాదు, పురుగు విసర్జించిన రక్తం. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపించినా అదే కథ. ఆ రకం నులిపురుగు ఫ్లీని మింగడం వల్లే వస్తుంది.

వైద్యంలో పొరపాటు ఎక్కడంటే, ఒక డోసు వేసి తగ్గిందని ఆపెయ్యడంలో. కుక్క మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో చిన్న వాటా. గుడ్లు, లార్వా, గూడు కట్టుకున్న ప్యూపా అన్నీ పరుపులో, సోఫా మూలల్లో, కాలిపట్టా కిందే ఉంటాయి. ప్యూపాని ఏ స్ప్రే సరిగా చంపదు, అది నెలల తరబడి ఆగగలదు. అందుకే కనీసం మూడు నెలలు, ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా మందు నడవాలి, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ, దేనికి తగినది దానికి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ పిల్లికి విషం. మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందుకి ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం కుదరదు. వారానికి రెండు మందు స్నానాలు చేయించే కుక్కకి అది ఏం నిలుస్తుంది? అలాంటివాటికి ఫ్లూరలనేర్, అఫోక్సొలనేర్, సరోలనేర్ తరగతి మాత్రలే మేలు. స్నానంతో వాటికి సంబంధం లేదు, పైగా వెంట్రుక కుదుళ్ళలో ఉండే డెమోడెక్స్ అనే పురుగు మీదా, గజ్జి పురుగుల మీదా బాగా పనిచేస్తాయి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి మాత్రం ఈ తరగతి ఇచ్చేముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పి తీరాలి.

గజ్జి మాట వచ్చింది కాబట్టి. చెవి అంచులు, మోచేతులు పొట్టు కట్టి, రాత్రంతా నిద్రపోనివ్వనంత గోకుడు ఉండి, ఇంట్లో ఎవరికైనా చేతుల మీద, నడుం దగ్గర దద్దుర్లు లేస్తే అది ఎలర్జీ కాకపోవచ్చు. చెవి అంచుని వేళ్ళ మధ్య రుద్దితే వెనక కాలు దానంతట అదే గోకుతున్నట్టు ఆడుతుంది. దురద లేకుండా కుక్కపిల్ల కళ్ళ చుట్టూ, ముంగాళ్ళ మీద బొచ్చు పోతే డెమోడెక్స్. అది మనుషులకి అంటదు.

చెయ్యకూడని వాటిలో మొదటిది కిరసనాయిలు. పిడుదులకి కిరసనాయిలు పూసే అలవాటు ఇంకా ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువుల పిడుదుల మందు సీసా తెచ్చి కంటి అంచనాతో నీళ్ళలో కలపడం, నాలుగు నెలల లోపు పిల్లకి, చివావా లాంటి బుల్లి కుక్కకి అమిట్రాజ్ అనే పిడుదుల మందు పుయ్యడం, నేల తుడిచే ఫినాయిల్ ఒక మూత స్నానం నీళ్ళలో వెయ్యడం అంతే ప్రమాదం. 4 కిలోల కుక్క అంటే మీ పప్పు డబ్బాలో పట్టేంత బరువు. "కొంచెమే" అన్నది దానికి కొంచెం కాదు.

ఆ సూదిలో ఏముంది?

వెళ్ళగానే ఒక సూది, సాయంత్రానికి గోకుడు మాయం, మూడో వారానికి మళ్ళీ మొదలు. మళ్ళీ సూది. ఈ చక్రంలో తిరుగుతున్న కుక్కలు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. స్టెరాయిడ్ చెడ్డదని నేననను. 0.5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకి రోజూ కొద్ది రోజులు, తరవాత రోజు మార్చి రోజు తగ్గిస్తూ ఇస్తే అది మంచి మందే, చవకైన మందు కూడా. నా తగాదా వారాల తరబడి ఒంట్లో ఉండిపోయే సూదితో. మాత్రయితే తేడా వస్తే తగ్గించుకోవచ్చు. సూది మందుని వెనక్కి లాగలేం. పదేపదే పడితే దాహం, ఆకలి, వేలాడే పొట్ట, పల్చబడిన చర్మం వస్తాయి. చీముపొక్కులు తగ్గకపోగా పెరుగుతాయి, ఎందుకంటే వాటితో పోరాడే శక్తినే మనం అణిచేశాం. అదే సమయంలో కుంటుతోందని ఇంకొకరు మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇస్తే కడుపులో పుండు పడొచ్చు. కాబట్టి సూది వేసినప్పుడు దాని పేరు, ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది కార్డు మీద రాయించుకోండి. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళక్కర్లేదు.

అడగాల్సిన పరీక్ష ఇంకొకటుంది, అది సూదికన్నా ముందు జరగాలి. సెల్లోటేపు ముక్కనో గాజు పలకనో చర్మానికి అద్ది, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటం. పది పదిహేను నిమిషాల పని. ఈస్టు అయితే వేరుశనక్కాయల ఆకారంలో కనబడుతుంది, బ్యాక్టీరియా గుండ్రటి చుక్కల్లా. దాన్ని బట్టే షాంపూ చాలా, మాత్ర కావాలా అన్నది తేలుతుంది. పైపై చీముపొక్కులకి చాలాసార్లు క్లోర్‌హెక్సిడిన్ స్నానమే చాలు. యాంటీబయాటిక్ తప్పనిసరైతే డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి, ఐదు రోజులకే ఆపితే మిగిలినవి మొండికేస్తాయి. రెండు కోర్సులకి లొంగకపోతే మూడోది ఊహించి రాయించుకోకుండా, ఏ మందుకి లొంగుతుందో చూసే కల్చర్ పరీక్ష చేయించాలి. ఇవేవీ దగ్గర్లో కుదరకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఒక పూట ప్రయాణం దండగ కాదు.

మందుల డబ్బాలోంచి మనుషుల ట్యూబు తీసి రాసే అలవాటు గురించి రెండు ముక్కలు. ఘాటైన స్టెరాయిడూ యాంటీబయాటికూ ఫంగస్ మందూ కలిపిన క్రీములు మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. కుక్క దాన్ని నాకేస్తుంది, నాకనిది చర్మాన్ని పల్చన చేస్తుంది. సోరియాసిస్‌కి వాడే కాల్సిపోట్రియాల్ క్రీము నాకితే చిన్న కుక్క ప్రాణమే పోవచ్చు. టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిపిన నూనె కూడా ఆ కోవలోవే. దురదకి సెట్రిజిన్ ఇమ్మని డాక్టరు చెబితే, షాపులో ఇచ్చింది జలుబుకి వాడే సూడోఎఫెడ్రిన్ కలిపిన రకం కాదు కదా అని అట్ట వెనక చదవండి. పేరు చివర ఒక్క 'డి' అక్షరమే తేడా. అయినా కుక్కల దురద మీద ఈ మాత్రల ప్రతాపం అంతంతమాత్రమే.

ఇప్పుడు తిండి

పురుగు లేదు, ఈస్టు తగ్గింది, అయినా ఏడాది పొడుగునా గోకుతోంది, కడుపు కూడా అప్పుడప్పుడు పాడవుతోంది అంటే తిండి వంతు వచ్చినట్టు. రక్తపరీక్ష, వెంట్రుకల పరీక్ష, లాలాజలం పరీక్ష అంటూ తిండి ఎలర్జీ తేల్చేస్తామనే వాటి మీద డబ్బు పెట్టకండి, అవి నమ్మదగ్గవి కావు. నమ్మదగ్గది ఒక్కటే: కుక్క పుట్టాక ఎన్నడూ తినని మాంసకృత్తు ఒకటి, పిండిపదార్థం ఒకటి, ఎనిమిది వారాల పాటు అవి మాత్రమే. నాలుగు వారాలకి ఆపితే తేలాల్సినవాటిలో చాలా కుక్కలు తేలవు.

బస్తా మార్చడం పరీక్ష ఎందుకు కాదో ఇక్కడే తెలుస్తుంది. ముందువైపు లాంబ్ అని రాసి, వెనక చిన్న అక్షరాల్లో చికెన్ కొవ్వు, చికెన్ మీల్ ఉండటం మామూలే. కుక్కల్లో తరచూ పట్టుబడేవి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, చికెన్, గోధుమ. ఈ జాబితా చూశాక మన ఇళ్ళలో కుక్కకి రోజూ పెట్టే పెరుగన్నం గుర్తుకు రావాలి. పెరుగన్నం తేలిక తిండి, చలవ చేస్తుంది, నిజమే. కాకపోతే అందులో పాల మాంసకృత్తు ఉంది, చర్మానికి కావలసిన మంచి కొవ్వూ జింకూ చాలినంత లేవు. అదే ముఖ్యాహారంగా పెరిగిన పామరేనియన్ బొచ్చు గడ్డిలా ఎండి, చుండ్రు రాలుతుంటే ఎలర్జీ వెతకనక్కర్లేదు, పళ్ళెం చూస్తే చాలు.

విశాఖలో పరీక్షకి సులువైనది చేపే, అది ఇంతవరకూ తినని కుక్క అయితే. కానాగంతలు, సూర లాంటివి వద్దు. మంచు సరిగా లేకుండా నిలవుంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది, అసలు పరీక్షే చెడుతుంది. పండుగప్ప గానీ కొరమీను గానీ తెచ్చి, ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించి, ముళ్ళు పూర్తిగా తీసెయ్యాలి. పిండిపదార్థానికి చిలగడదుంప. 5 కిలోల ఎదిగిన కుక్కకి రోజుకి ముల్లు తీసిన చేప 120 నుంచి 130 గ్రాములు, ఉడికిన చిలగడదుంప 200 గ్రాములు, ఒక టీస్పూను పొద్దుతిరుగుడు నూనె, రెండు మూడు పూటలుగా పెట్టి మొదలుపెట్టవచ్చు. పాత తిండి నుంచి వారం రోజుల్లో మెల్లగా మార్చాలి. వారానికోసారి తూచి, తగ్గుతుంటే పెంచాలి, పెరుగుతుంటే తగ్గించాలి. ఇది ఎనిమిది వారాల పరీక్షకి సరిపోయే తిండి, జీవితాంతం పెట్టేది కాదు. ఎదిగే పిల్లకి అసలు పనికిరాదు.

ఈ పరీక్ష చెడేది వంటింట్లో కాదు, హాల్లో. అమ్మమ్మగారు టీలో ముంచిన మేరీ బిస్కెట్టు ముక్క విసురుతారు. పనిమనిషి ప్రేమగా చికెన్ ఎముక పెడుతుంది. నులిపురుగుల మాత్ర, కాల్షియం చప్పరింపు, ఫ్లీ మాత్ర కూడా మాంసం రుచి కలిపినవి కావచ్చు, కాబట్టి ఆ ఎనిమిది వారాలకి వేరే రూపంలో ఉన్నవి అడగాలి. ఫ్రిజ్ తలుపు మీద తేదీలు వేసిన కాగితం అతికించి, కుక్కకి ఎవరు ఏం పెట్టినా రాయమనండి. కోపంతో కాదు, లెక్క కోసం.

కాలం ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. డిసెంబరులో మొదలుపెడితే ఉక్క తక్కువ, చర్మం తేరుకోవడం సులువు. కానీ అటోపీ ఉన్న కుక్కకి కూడా చలికాలంలో దానంతట అదే తగ్గొచ్చు, ఆ పేరు చేపకి వచ్చేస్తుంది. అందుకే చివర్లో పాత తిండి తిరిగి పెట్టి తీరాలి. రెండు వారాల లోపు గోకుడు తిరిగొస్తే తిండి ఎలర్జీ ఖాయం. రాకపోతే మీరు ఊరికే చేప వండారు. "తగ్గింది కదా, మళ్ళీ ఎందుకు కెలకడం" అని ఈ చివరి మెట్టు ఎక్కనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ కుక్కకి తిండి ఎలర్జీ ఉందో లేదో వాళ్ళకి ఎప్పటికీ తెలీదు.

ఇన్నీ దాటి మిగిలినది అటోపీ. ఆరు నెలలకీ మూడేళ్ళకీ మధ్య మొదలై, ముంగాళ్ళు, మూతి, చెవి లోపలి భాగం, చంకలు, పొట్టని పట్టుకుంటుంది. నడుం మీద సాధారణంగా ఉండదు, ఫ్లీకీ దీనికీ అక్కడే తేడా. ఇది కుదిరే జబ్బే కానీ పోయే జబ్బు కాదు, ఆ సంగతి మొదటిరోజే చెప్పని డాక్టరు మీకు మేలు చేయలేదు. తేమ ఎక్కువున్న ఇంట్లో దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి, కాబట్టి సముద్రపుగాలి తగిలే మన ఇళ్ళు వాటికి అత్తారిల్లు. కుక్క పడుకునే బొంత వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. లూజుగా కిలోల లెక్కన అమ్మే డాగ్ ఫుడ్డు కొనొద్దు. నిలవున్న గింజల్లో పెరిగే పురుగులు కూడా ఈ ఎలర్జీని రెచ్చగొడతాయి. నెల రోజుల్లో అయిపోయే చిన్న ప్యాకెట్టు తెచ్చి, గాలి చొరని డబ్బాలో ఆ ప్యాకెట్టుతో సహా పెట్టండి. ఖాళీ స్థలాల్లో మోకాలెత్తున పెరిగే వయ్యారిభామ మనుషుల చర్మానికే పడదు, పొట్ట నేలకి రాసుకుంటూ నడిచే డాష్‌హండ్‌ని అందులోకి వదలడమెందుకు?

మందుల్లో దురద తగ్గించే ఒక్లాసిటినిబ్ మాత్ర ఏడాది నిండిన కుక్కలకే. కిలోకి 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాముల లెక్కన మొదటి 14 రోజుల వరకు రెండు పూటలా, తరవాత ఒకపూట. సైక్లోస్పోరిన్ చవక కాదు, గుణం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లోకివెట్‌మాబ్ సూది స్టెరాయిడ్ కాదు, దురదని మోసే ఒక్క ప్రొటీన్‌నే అడ్డుకుంటుంది. ఏది వాడినా స్నానమూ ఫ్లీ మందూ ఆపకూడదు. చేప నూనె కూడా కలపొచ్చు: అందులోని ఒమేగా-3 కొవ్వులు ఇపిఎ, డిహెచ్ఎ రెండూ కలిపి కిలోకి 70 నుంచి 100 మిల్లీగ్రాములు. మనుషులకి అమ్మే 1000 మిల్లీగ్రాముల మామూలు క్యాప్సూల్‌లో ఆ రెండూ కలిపి ఉండేది సాధారణంగా 300 మాత్రమే, కాబట్టి 4 కిలోల కుక్కకి రోజుకి ఒకటి. సగంతో మొదలుపెట్టకపోతే విరేచనాలవుతాయి. రెండు మూడు నెలలు ఆగాలి. కాడ్ లివర్ ఆయిల్ దీనికి బదులు కాదు, అందులో విటమిన్ ఎ, డి పోగుపడతాయి.

బొచ్చు సంగతికొస్తే, ఎండాకాలం రాగానే పామరేనియన్‌కి గుండు కొట్టించడం నాకు సుతరామూ నచ్చని పని. దాని బొచ్చు రెండు పొరలు. గొరిగిన తరవాత లోపలి ఊలు ముందు మొలిచి, పై వెంట్రుక రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, మచ్చలు మచ్చలుగా వచ్చేవీ ఉన్నాయి. చర్మానికి ఎండ తగులుతుంది, పైగా ఆ మిగిలిన ఊలే తడిని పట్టుకుంటుంది. దానికి కావలసింది వారానికి మూడుసార్లు లోపలి ఊలు దువ్వి తీసెయ్యడం. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జులే, అయినా బొచ్చు నియమం రెంటికీ ఒకటే. గోకుడేమీ లేకుండా ఒంటికి రెండువైపులా సమానంగా బొచ్చు పోయి చర్మం నల్లబడితే అది ఎలర్జీ కాదు. హార్మోన్ల వైపు, ముఖ్యంగా థైరాయిడ్ వైపు చూడాలి. అవన్నీ బాగుంటే పామరేనియన్లలో కనిపించే అలోపీషియా ఎక్స్ అనుకోవాలి. అది అందానికే లోటు, ఆరోగ్యానికి కాదు.

షిట్జు, లాసా, మాల్టీస్ లెక్క వేరు. వాటి బొచ్చు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది, కత్తిరిస్తే నష్టం లేదు. చర్మం జబ్బున్న షిట్జుని మే నుంచి నవంబరు దాకా సెంటీమీటరు పొడవులో ఉంచడమే ఉత్తమం. నేల ఊడ్చే బొచ్చుతో ఫొటోలు బాగుంటాయి గానీ, ఆ ఫొటో వెనక రోజుకి గంట దువ్వెన పని ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేటప్పుడు ఉండలు విపరీతంగా కడతాయి, చాలామంది ఓడిపోయేది అప్పుడే. పైపైన స్లిక్కర్ బ్రష్ తిప్పితే చాలదు. బొచ్చుని పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా గీత తీసి, ఆఖర్న స్టీలు దువ్వెన మొదటి నుంచి చివరిదాకా తగలకుండా జారాలి. చెవి వెనక, చంకలో కట్టిన ఉండని కత్తెరతో కోయకండి, చర్మం ఉండలోకి లాగబడి ఉంటుంది, తెగుతుంది. క్లిప్పరే దానికి దారి.

జిడ్డు వాసన వచ్చే చర్మానికి కొబ్బరినూనె రాయొద్దు, ఎండిపోయిన ముక్కుకీ పగిలిన అరికాలికీ కొంచెం రాస్తే రాయండి. పగ్ ముక్కు మడతని క్లోర్‌హెక్సిడిన్ తడిగుడ్డతో కంటికి తగలకుండా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి, వానాకాలంలో రోజూ.

ఇంత చేస్తున్నా తగ్గుతోందో లేదో రోజూ చూసే కంటికి తెలియదు. తెల్ల కుక్క అయితే పాదాలు చూడండి. నాకే కుక్క ఉమ్మిలోని పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం వల్ల తెల్ల బొచ్చు తుప్పురంగు తిరుగుతుంది, ఏ షాంపూకీ ఆ రంగు వదలదు. నాకడం ఆగిన రోజు నుంచి మొలిచే వెంట్రుక మాత్రం తెల్లగా వస్తుంది. నెల తరవాత వేళ్ళ దగ్గర బొచ్చు విడదీసి మొదళ్ళు చూడండి. చివర ఎర్రగా ఉండి చర్మం దగ్గర తెల్లగా ఉంటే మీ వరుస సరిగ్గానే ఉంది. మొదలు కూడా ఎర్రగానే ఉంటే మళ్ళీ దువ్వెనా తడి టిష్యూ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.